బిళ్ళ పక్కన ఎందుకో రాయండి

(కోనసీమలో వృద్ధాశ్రమాలు నడిపేవారు, అక్కడ పనిచేసే ఆయమ్మలు, నర్సింగ్ విద్యార్థుల కోసం అమలాపురంలో జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారమండి. మైకు కొంచెం కిందకి దించండి బాబూ. ఆఁ, చాలు.

నా చేతిలో ఉన్నది ఒక పొడుగు నోటుబుక్కు. 200 పేజీలది, అట్ట మీద వినాయకుడి బొమ్మ. వశిష్ఠ గోదావరి గట్టు పక్కనున్న ఒక ఆశ్రమం వాళ్ళది. పేరు చెప్పనని మాటిచ్చి తెచ్చుకున్నాను. లోపల ఒక్కో మామ్మగారికీ ఒక్కో తాతగారికీ ఒక పేజీ. అందులో ఒక పేజీ చదువుతాను, వినండి. ‘పొద్దున్న బీపీ 1, షుగరు 1. మధ్యాహ్నం షుగరు 1. రాత్రి నరాలకి 1, నిద్రకి సగం.’ అంతేనండి. దాని కింద రోజుకో టిక్కు. రెండేళ్ళ టిక్కులు. పండగ లేదు, తుఫాను లేదు, ఒక్క రోజు తప్పలేదు. ఆ ఆయమ్మ శ్రద్ధకి దణ్ణం పెట్టాలి. జీతం ఎంతో నాకు తెలుసు కాబట్టి మరీ పెట్టాలి.

ఆ పేజీ ఎవరిదో ఆ మామ్మగారు కార్తీకమాసంలో తెల్లవారుజామున బాత్‌రూముకి వెళ్తూ గడప దగ్గర పడ్డారు. తుంటి విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మనిషి అయోమయంగా ఉన్నారు. ఉన్నది ఏ ఊరో చెప్పలేకపోతున్నారు. డ్యూటీ డాక్టరు ‘ఏమేం మందులు వాడుతున్నారమ్మా’ అని అడిగితే ఆయమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. ‘నరాలకి అంటే ఏ బిళ్ళ?’ అన్నాడాయన. ‘చిన్నదండి, పసుపు రంగు’ అంది. ‘నిద్రకి?’ ‘అది తెల్లదండి, సగం చేసి వేస్తాం.’ ఆ అబ్బాయి పుస్తకం మూసేసి నా వంక చూశాడు. ఆశ్రమం వాళ్ళు తెలిసినవాళ్ళని నన్ను కూడా పిలిచార్లెండి. నేనేం చెప్తాను?

ఆ సాయంత్రం ఆశ్రమానికి వెళ్ళి మందుల డబ్బా తీయించాను. డబ్బా నిండా కత్తిరించిన ముక్కలు. మెడికల్ షాపులో పది బిళ్ళలడిగితే కత్తెరతో కోసి ఇస్తారు కదా, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మన చేతికి వచ్చేది వెండిరంగు కాగితం, అందులో గుండ్రటి బొడిపెలు. ఆ షాపుకెళ్ళి, పాత చీటీలు వెతికించి, మర్నాడు ఆవిడ కూతురికి కువైట్‌కి ఫోన్ చేసి, రెండు రోజులకి తేల్చాం. పసుపు బిళ్ళ ఎమిట్రిప్టిలిన్. అది పాతకాలం దిగులు మందు, నరాల మంటలకీ ఇస్తారు. అరికాళ్ళు మంటలని రాజమండ్రిలో షుగరు డాక్టరుగారు రాశారు. తెల్ల బిళ్ళ ఎస్సిటలోప్రామ్ అనే దిగులు మందు, అందులోనే క్లోనజెపామ్ అనే మత్తు మందు కలిసి ఉన్నది. పెద్దబ్బాయి పోయాక ఆవిడ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, కూతురు సెలవు మీద వచ్చి భీమవరంలో చూపించింది. చీటీ చివర ‘6 వారాలకి మళ్ళీ తీసుకురండి’ అని ఉంది. ఆరు వారాలకి ఆ పిల్ల తిరిగి కువైట్ వెళ్ళిపోయింది. సగం బిళ్ళ ఎవరు చెయ్యమన్నారో ఎవరికీ గుర్తులేదు. మూడోది బీపీ బిళ్ళ. దాని పేరు చివర హెచ్ అని ఒక అక్షరం ఉంది. అంటే నీరు లాగే మందు కూడా కలిసి ఉందని. రక్తపరీక్షలో సోడియం 120 వచ్చింది. ఉండాల్సింది 135కి పైన. అంత తగ్గితే మనిషి అయోమయంలో పడతారు.

ముగ్గురు డాక్టర్లూ తమ ముందుకొచ్చిన బాధకి మందు రాశారు. కూతురు చెయ్యగలిగింది చేసింది. ఆయమ్మ ఒక్క పూట తప్పకుండా వేసింది. ఇవన్నీ వెళ్తున్నది ఒకే ఒంట్లోకి అన్న సంగతి మాత్రం లోకంలో ఏ ఒక్క కాగితం మీదా లేదు. ఇందుకోసమే నేనివాళ వచ్చానండి. దిగులుకి వాడే మందులు, వాటినే డిప్రెషన్ మందులంటాం, మీ ఆశ్రమాల్లో ఎవరెవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు, వాడాక ఏమైంది, ఇది రాసి ఉంచండి అని అడగడానికి.

‘నరాలకి’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. మన గోదావరి జిల్లాల్లో ఈ మాట ఎంత పనిచేస్తుందో మీకు తెలుసు. తిమ్మిరికీ నరాల బిళ్ళే, విటమినుకీ నరాల బిళ్ళే, మూర్ఛకీ నరాల బిళ్ళే, మనసు బాగోకపోయినా నరాల బిళ్ళే. మనసు మందు అంటే పిచ్చి మందు అనుకుంటారని భయం. ఒక తాతగారి కొడుకు నాతో చెప్పాడు, ‘మేడంగారూ, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, పుస్తకంలో ఆ మాట రాయకండి’ అని. ఆ తండ్రి బాధ నాకర్థమైంది. పరువు కోసం పుట్టిన మాట అది. కానీ అర్ధరాత్రి అంబులెన్సులో ఆ మాట ఎవరికీ అక్కరకి రాదు.

ఈ మందుల పుట్టుక సంగతి కొంచెం చెప్తాను, నర్సింగ్ పిల్లలకి పనికొస్తుంది. 1950ల మొదట్లో న్యూయార్క్‌లో సీ వ్యూ అనే టీబీ ఆసుపత్రిలో ఐప్రోనియాజిడ్ అని కొత్త మందు ఇచ్చి చూశారు. అది టీబీకని ఇచ్చిన మందు. కానీ వార్డులో మంచాలకి అతుక్కుపోయిన మనుషులు లేచి తిరగడం, నవ్వడం, ఆకలి అనడం మొదలెట్టారు. ఆ మార్పుని అక్కడివాళ్ళు గమనించి రాశారు. కొన్నేళ్ళకి స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టరు వేరే మానసిక జబ్బుకని ఇచ్చి చూసిన ఇమిప్రమిన్ దిగులుతో ఉన్నవాళ్ళకి పనిచేస్తోందని కనిపెట్టి 1957లో ప్రకటించారు. మొదటి డిప్రెషన్ మందులు రెండూ ఇలా దొరికినవే. మంచం పక్కన నిలబడి ‘నిన్న తినలేదు, ఇవాళ తిన్నాడు’ అని చూసినవాళ్ళ వల్ల. ఆ పని చేసేది ఇవాళ మీ ఆశ్రమంలో ఎవరు? మీరేనమ్మా. డాక్టరుగారు నెలకో పావుగంట చూస్తారు. మీరు రోజూ చూస్తారు.

ఆ తర్వాత ఎమిట్రిప్టిలిన్ లాంటివొచ్చాయి. 1987 చివర అమెరికాలో ఫ్లూఆక్సెటిన్‌కి అనుమతి వచ్చింది. దాని కోవలోనే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్. వేరే తరహాది మిర్టాజపిన్, అది ఆకలీ నిద్రా పెంచుతుంది. వీటన్నిటికీ ఒక గుణం ఉంది. తలనొప్పి బిళ్ళలా గంటకి పనిచెయ్యవు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది, పెద్దవాళ్ళలో ఒక్కోసారి ఆరు వారాలు, ఎనిమిది వారాలు. ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తాయి. వికారం, తల తిప్పడం, కడుపులో గడబిడ. అందుకే మొదటి వారంలో ‘ఈ బిళ్ళ పడలేదు’ అని మానేసేవాళ్ళు చాలామంది. తేదీ రాసి లేకపోతే ఎన్నో వారమో ఎవరికి తెలుస్తుంది?

పెద్ద వయసులో సంగతి వేరు. కిడ్నీ, లివరు మునుపటిలా పనిచెయ్యవు. మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. ఎమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, తాతగార్లకి ఉచ్చ బిగబట్టేయడం, మతిమరుపు పెరగడం. 1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు, ముఖ్యంగా ఇలాంటి పెద్దవాళ్ళ సంరక్షణ కేంద్రాల కోసమే, వృద్ధులకి ఏ మందులు వీలైనంతవరకు వద్దో ఒక జాబితా తయారుచేశారు. ఇప్పటికీ దాన్ని సవరిస్తూ వాడుతున్నారు. ఎమిట్రిప్టిలిన్ ఆ జాబితాలో ఉంది. ఎస్సిటలోప్రామ్ లాంటివాటికి కూడా అందులో హెచ్చరికలున్నాయి. ఇదివరకు పడినవాళ్ళయితే జాగ్రత్త, సోడియం పడిపోవచ్చు కాబట్టి మొదలెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు పరీక్ష చేయించమని. దాంతోపాటు నీరు లాగే బీపీ మందు కూడా ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. గుండెకని ఆస్పిరిన్ గానీ, మోకాళ్ళకని నొప్పి బిళ్ళలు గానీ వేసుకునేవాళ్ళకి కడుపులో రక్తం కారే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందుతో కలిస్తే ఇంకో చిక్కు. ఇవన్నీ మీరు బట్టీ పట్టక్కర్లేదండి. డాక్టరుగారికి తెలుసు. ఆ మనిషి వేసుకునేవన్నీ ఆయన కళ్ళకి ఒకేచోట కనపడితే చాలు, ఆయన చూసుకుంటారు.

అమెరికా పేరు పదే పదే ఎందుకు తెస్తున్నానంటే, ఈ రాయడమన్న దాన్ని వాళ్ళు చట్టంలో పెట్టారు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మనకి మల్లే కాన్పులకీ ఆపరేషన్లకీ వెళ్ళే ప్రైవేటు ఆసుపత్రి కాదు. లేవలేని పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండే చోటు. ఒకప్పుడు అక్కడ వాళ్ళని మంచాలకి కట్టేసేవారు, కట్టకపోతే మత్తు మందులిచ్చి కూర్చోబెట్టేవారు. దాని మీద పెద్ద నివేదిక వచ్చి, 1987లో చట్టం చేశారు. అవసరం లేని మందు ఏ మనిషికీ ఇవ్వకూడదు, సిబ్బంది సౌకర్యం కోసం మత్తు ఇవ్వకూడదు అని. చేరినప్పుడూ, ఆ తర్వాత మూడు నెలలకోసారీ ఒక్కో మనిషి గురించి పెద్ద ఫారం నింపాలి. అందులో మందులకో భాగం. డిప్రెషన్ మందు వాడుతున్నారా, నిద్ర మందు వాడుతున్నారా అని విడివిడిగా అడుగుతారు. డాక్టరు వద్దంటే తప్ప, మనసు మీద పనిచేసే మందుల్ని మొదటి ఏడాదిలో రెండుసార్లు, ఆపైన ఏడాదికోసారి కొద్దికొద్దిగా తగ్గించి చూడాలి. 2023 అక్టోబరు నుంచి ఆ ఫారంలో ఇంకో గడి చేరింది. మందు వాడుతున్నారా అన్న గడి పక్కనే, అది ఎందుకో కారణం రాసి ఉందా అని. చూశారా? 1987 చట్టం నుంచి ముప్పై ఆరేళ్ళకి వాళ్ళు కూడా ఈ ‘ఎందుకు’ దగ్గరికే వచ్చారు.

అయితే అక్కడ జరిగిన తప్పు కూడా చెప్పాలి. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళకి యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకి వాడేవి, విపరీతంగా ఇస్తున్నారని 2012లో ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. అప్పటికి నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ళలో ఆ మందులు వాడుతున్నవాళ్ళు 24 శాతం దాకా ఉండేవారు, కొన్నేళ్ళలో 15 శాతానికి దిగారు. అందరూ సంతోషించారు. తీరా చూస్తే ఈ లెక్కలోకి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళు రారు, వాళ్ళకి ఆ మందులు అవసరమే కాబట్టి. కొన్నిచోట్ల ఏం చేశారంటే, అప్పటిదాకా ఆ జబ్బు లేని 80 ఏళ్ళ మనుషులకి కాగితం మీద ఆ జబ్బు అంటగట్టారు. 2023లో దాని మీద తనిఖీలు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టరు కోసం రాసిన కారణానికీ, మంచం మీదున్న మనిషి కోసం రాసిన కారణానికీ ఉన్న తేడా అది. మీ దగ్గరికి రేపు ఏ అధికారి వచ్చినా, రాకపోయినా, నేనడిగేది ఆ రెండో రకం కారణం.

మన సంగతి. ఇక్కడ మందులు ఎక్కువైపోయాయని మాత్రమే నేను రాలేదండి. అసలు అందనివాళ్ళే ఎక్కువ. 2017-18లో లాసీ అని దేశమంతా పెద్దవయసువాళ్ళ మీద సర్వే చేశారు. ప్రశ్నలడిగి లెక్కేస్తే 60 దాటినవాళ్ళలో 8 శాతానికి పైగా డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. ‘మీకు ఆ జబ్బుందని ఎవరైనా చెప్పారా’ అని అడిగితే అవునన్నవాళ్ళు ఒక శాతం కూడా లేరు. పదిమందిలో తొమ్మిదిమంది బాధ ఎవరి పుస్తకంలోనూ లేదన్నమాట. మీ ఆశ్రమంలో ఒకరికి మూడు బిళ్ళలు ఎక్కువ పడుతుంటే, పక్క మంచం మీద ఇంకొకరు అస్సలు ఏమీ లేకుండా నాలుగు నెలల నుంచి పెరుగన్నం తప్ప ముట్టట్లేదు. ఆవిడ గొడవ చెయ్యదు కాబట్టి ‘చాలా మంచి మామ్మగారండీ’ అంటాం.

మన పెద్దవాళ్ళు ‘నాకు డిప్రెషన్’ అనరు. ‘కాళ్ళు పీకేస్తున్నాయి’ అంటారు. ‘అన్నం సయించట్లేదు’, ‘గుండెల్లో దడ’, ‘తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చేస్తోంది’ అంటారు. మనకి బెంగ అని ఎంత మంచి మాట ఉందండి! పాలు మాన్పించిన పిల్లకీ బెంగే, అత్తారింటికెళ్ళిన పిల్లకీ బెంగే, ఇల్లు అమ్మేశాక ఆశ్రమానికొచ్చిన తాతగారికీ బెంగే. బెంగంతా జబ్బు కాదు. కొబ్బరితోట మధ్య డెబ్బై ఏళ్ళు బతికిన మనిషి ఒక గదిలో నాలుగు మంచాల మధ్యకొస్తే దిగులుగా ఉండదూ? ఉంటుంది. మనిషి పలకరిస్తే, ఫోన్ వస్తే, మనవలొస్తే కాస్త తేరుకుంటారు. వారాల తరబడి ఏదొచ్చినా తేరుకోకపోతే, తిండీ నిద్రా పోతే, అప్పుడు డాక్టరుకి చెప్పాల్సిన బెంగ. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా ఇలాగే ఉండొచ్చు, షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి బీ12 తగ్గుతుంది కూడా. అవి చూశారా అన్నది కూడా రాసి ఉండాలి.

కాబట్టి కారణం దగ్గర ఏం రాయాలి? ‘డిప్రెషన్’ అని రాయడానికి మీకు మొహమాటమైతే, ఆవిడ మాటే రాయండి. ‘పెద్దబ్బాయి పోయాక అన్నం మానేశారు. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. మూడింటికి లేచి కూర్చుంటున్నారు.’ జబ్బు పేరు డాక్టరు చీటీలో ఎలాగూ ఉంటుంది. ఈ మూడు ముక్కల్లో ఎవరి పరువూ పోదు. పైగా ఇది పేరు కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఎందుకంటే ఆరు వారాలకి ఏం చూడాలో ఇందులోనే ఉంది. అన్నం తింటున్నారా? ఇటువైపు తిరుగుతున్నారా? ఎన్నింటికి లేస్తున్నారు? అవునంటే మందు పనిచేసింది. లేదంటే మార్చాలి, లేదా ఆపాలి. ఆ మామ్మగారి పేజీలో ఈ మూడు ముక్కలుండి ఉంటే, రెండేళ్ళలో ఎవరో ఒకరు ‘ఈవిడ ఇప్పుడు శుభ్రంగా తింటున్నారు కదా, ఈ బిళ్ళ ఇంకా కావాలా’ అని అడిగి ఉండేవారు. అడగడానికి వీలైన వాక్యం ఒక్కటీ ఆ పేజీలో లేదు.

మనం గోదావరి పక్కన పుట్టినవాళ్ళం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. వరదొచ్చినప్పుడు ‘13 అడుగులుందంట’ అని ఎవరైనా అంటే మనం ఏమడుగుతాం? ‘ఎక్కుతోందా, తీస్తోందా?’ అంటాం. పొద్దున్న ఎంతుందో తెలియకపోతే ఇప్పటి 13తో ఏ లంకవాడూ పశువుల్ని విప్పాలో వద్దో తేల్చుకోలేడు. మందు మొదలెట్టే ముందు రోజు ఆవిడ బరువెంత, నిద్ర ఎన్ని గంటలు, అన్నం ఎంత, నడక ఎలా ఉంది, ఇవి రాయకపోతే రెండు నెలలకి ‘బాగానే ఉన్నారండి’ అన్న మాటకి అర్థం లేదు. మీ దగ్గర నర్సు ఉంటే ఇంకో కొలత కూడా ఉంది. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. మొత్తం 27 మార్కులు, ఎక్కువొస్తే దిగులు ఎక్కువని. పెద్దవాళ్ళ కోసమే చేసిన 15 ప్రశ్నల జీడీఎస్ ఇంకా తేలిక, అవును కాదు అంటే చాలు. జబ్బు తేల్చడం డాక్టరు పని, మార్కులు వేసి తేదీతో రాయడం మన పని. పీహెచ్‌క్యూలో ఇవాళ 16, ఆరు వారాలకి 9 అంటే తీస్తోంది. 16 నుంచి 19 అయిందంటే అప్పుడే ఫోన్ చెయ్యాలి.

ఒక మాట మాత్రం మార్కుల కోసం ఆగకూడదు. ‘దేవుడు నన్నింకా తీసుకుపోడేంటో’ అని మన పెద్దవాళ్ళు కాఫీ తాగుతూ కూడా అంటారు. ఊతపదమని వదిలేస్తాం. వదలకండి. పక్కన కూర్చుని ‘అలా ఎప్పుడెప్పుడు అనిపిస్తోంది మామ్మగారూ? మీ అంతట మీరు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?’ అని నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, మందుల డబ్బా తాళంలో పెట్టండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి. ఎవరూ దొరక్కపోతే 14416, టెలిమానస్, ఎప్పుడైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళతో ఏం మాట్లాడారో అది కూడా పేజీలో రాయండి.

మందు పేరు సంగతి. స్ట్రిప్పు మొత్తం కొనండి. పది రూపాయలు మిగులుతాయని కోయించుకోకండి. మెడికల్ షాపువాళ్ళకి 2014 నుంచి రూలుంది. ఆల్‌ప్రజోలమ్, జోల్పిడెమ్ లాంటి నిద్ర మందులు అమ్మితే పేషెంటు పేరు, డాక్టరు పేరు, ఎన్ని బిళ్ళలు అన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. అమ్మినవాళ్ళు రాయాలన్నప్పుడు, రోజూ నోట్లో వేసేవాళ్ళం మనమూ రాయాలి కదా. కంపెనీ పేరు కాకుండా లోపలున్న మందు పేరు రాయండి. పేరు చివర ప్లస్ అనో, మరోటనో ఏ తోక ఉన్నా అడగండి, దానర్థం ఏంటని. చాలాసార్లు ఆ తోకలోనే మత్తు మందు దాక్కుని ఉంటుంది. దిగులు మందు నెలల తరబడి కావొచ్చు, దాంతో కలిపిన క్లోనజెపామ్ అన్నాళ్ళు ఉండక్కర్లేదు. ఒకే బిళ్ళ కాబట్టి రెండూ ఏళ్ళ తరబడి సాగిపోతాయి. మా మామ్మగారికి జరిగింది అదే.

రాశాం కదా, తెలిసింది కదా అని ఎవరూ తమంతట తాము ఆపకండి. ఇది ప్రాధేయపడి చెప్తున్నాను. సంక్రాంతికి పిల్లలొచ్చి పెద్దవాళ్ళని ఇంటికి తీసుకెళ్తారు. భోగి ముందు రోజు కారెక్కించేటప్పుడు బీపీ, షుగరు బిళ్ళలు సంచిలో పెడతారు. ఇది మాత్రం ‘నిద్రదేగా, నాలుగు రోజులకి ఏం కాదు’ అని డబ్బాలో వదిలేస్తారు. కనుమ నాటికి ఆవిడకి తల దిమ్ము, చెమటలు, చిరాకు, ఒళ్ళంతా కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. ఇంట్లోవాళ్ళు ‘అమ్మ మళ్ళీ పిచ్చిగా చేస్తోంది, తీసుకొచ్చి తప్పు చేశాం’ అనుకుంటారు. అంతకంటే అన్యాయం ఉందా అండీ? అది హఠాత్తుగా ఆపినందుకు వచ్చింది. తగ్గించడం వారాల మీద, డాక్టరు చెప్పినట్టే జరగాలి. పండక్కి వెళ్ళేటప్పుడు ఆ పేజీ ఫోటో తీసి పిల్లల ఫోన్‌లో వేసి, బిళ్ళలు లెక్కపెట్టి ఇవ్వండి. లంకల్లో ఉన్నవాళ్ళు, నది దాటించే పంటు ఆగిపోయే రోజులు మీకు తెలుసు కాబట్టి, జూలై వచ్చేసరికి రెండు మూడు వారాల మందు దగ్గరుంచుకోండి.

పుస్తకం ఎక్కడుండాలి? వరండాలో బల్ల మీద, దాతలొచ్చి సంతకం పెట్టే రిజిస్టరు పక్కన మాత్రం ఉండకూడదు. బీరువాలో ఉండాలి. ఎవరి పేజీ వాళ్ళు అడిగితే చూపించాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తన వైద్య రికార్డు చూసుకునే హక్కు ఆ మనిషికుంది. నేనైతే ఇంకో మెట్టు ముందుకెళ్ళి, ఆవిడ పక్కన కూర్చుని చదివి వినిపించమంటాను. ‘మామ్మగారూ, మీరు అన్నం తినట్లేదని ఇది వేస్తున్నాం’ అని. ఒకావిడ అలా విని నాతో అంది, ‘ఓహో, నన్ను పడుకోబెట్టడానికి అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ’ అని. ఏడాది నుంచి వేసుకుంటోందావిడ.

ఇంక మీరేమైనా అడగండి.

(ఒక ఆయమ్మ: మేడంగారూ, నాకు ఇంగ్లీషు రాదండి. మందు పేరు ఎలా రాయనండి?)

రాయక్కర్లేదమ్మా. ఖాళీ అయిన స్ట్రిప్పు పారేయకుండా పేరున్నవైపు కనపడేలా ఆ పేజీలో జిగురుతో అంటించు. తేదీ వెయ్యి. మందు మారినప్పుడు కొత్తది కింద అంటించు, పాతదాని మీద అడ్డంగా గీత కొట్టు, కొట్టిన రోజు రాయి. ఆ ‘ఎందుకు’ అన్నది తెలుగులోనే రాయి. నువ్వు చూసింది నువ్వు రాస్తే డాక్టరుకి అంతకంటే కావలసింది లేదు.

(ఇంకొకరు: మా దగ్గర ఒక మామ్మగారు ఆ బిళ్ళ వద్దంటారండి. పప్పన్నంలో నలిపి కలిపి పెట్టేస్తున్నాం. అది రాయాలా అండి?)

నిజం చెప్పావు, అందుకు సంతోషం. కలపడం ఆపెయ్యమ్మా, ఇవాళ రాత్రి నుంచే. తెలివిగా మాట్లాడే మనిషికి తెలియకుండా మందు పెట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. ఆవిడకి తెలిసిన రోజున అన్నం కూడా నమ్మదు. వద్దన్నప్పుడు ‘వద్దన్నారు’ అని రాయి, ఎన్నింటికో రాయి. ఎందుకు వద్దో అడిగి, ఆవిడ ఏ మాటంటే ఆ మాట రాయి. నోరెండిపోతోందనా, పొద్దున్న లేవలేకపోతున్నాననా, పిచ్చి మందని పక్కావిడ చెప్పిందనా. రేపు పొద్దున్నే ఆ పేజీ పట్టుకుని డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. ఇన్నాళ్ళూ అన్నంలో ఎన్ని వెళ్ళాయో, మధ్యలో ఎన్ని తప్పాయో అది కూడా చెప్పు, దాచకు. ఆ లెక్క తెలియకుండా ఆయన మోతాదు పెంచినా ప్రమాదమే, ఆపేసినా ప్రమాదమే. ఆవిడ ఉంటున్నది ఎక్కడ? అంబాజీపేట దగ్గరా? ఆదివారం నేనొస్తాను, ముగ్గురం కలిసి కూర్చుని ఆ పేజీ మొదట్నుంచీ రాద్దాం.